చెప్పుల పక్కన కాలు

మా ఇంటి గడప బయట, ఎడమచేతి వైపు, ఒక చదును బండ ఉండేది. ఇంటిల్లిపాది చెప్పులూ దాని మీదే విడిచేవాళ్ళం. మా అత్త టైరు చెప్పులు, నా రబ్బరు చెప్పులు, తర్వాత్తర్వాత మా పాప చిన్న చెప్పులు. వాటి పక్కన గోడకు ఆనుకుని ఒక కాలు. కుడికాలు. చెక్కతో చేసి ఒంటిరంగు పూసింది. మోకాలి దగ్గర రెండు పక్కలా ఇనుప కమ్ములు, పైన తొడకు చుట్టుకునే తోలు పట్టీ, కింద పాదానికి ఎర్ర బూటు. అది నా మొగుడి కాలు. మిలిటరీ వాళ్ళు పూనా ఆసుపత్రిలో కొలత తీసి చేయించి ఇచ్చింది. ఇంచుమించు తొమ్మిదేళ్ళు అది ఆ బండ మీదే ఉంది. అక్కడ పెట్టించింది నేను.

ఈ ఆఖరి మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఎవరడిగినా "మా అత్త పాతకాలం మనిషి, ఆమె ఆచారం" అని చెప్పి తప్పించుకునేదాన్ని. అత్త పేరు పెట్టి కూతుర్ని కుంపట్లో వేసిందని సామెత ఉంది కదా. నేను మొగుణ్ణి వాకిట్లో వేశాను.

ఆయన పేరు నేను ఎప్పుడూ నోటితో పలకలేదు, ఇక్కడా పలకను. మొగుడి పట్ల పాటించాల్సిన పద్ధతుల్లో ఈ ఒక్కటన్నా సరిగ్గా పాటించానని చెప్పుకోనివ్వండి.

నేను పుట్టింది కుప్పంలో. మా నాయన రైలు పట్టాల మీద గ్యాంగు పని చేసేవాడు. మా వీధిలో పదో తరగతి దాకా చదివిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆ పొగరు నాకు నిండా ఉండేది. పెళ్ళయి వచ్చింది పుంగనూరుకు అవతల, పెద్దపంజాణి దారిలో ఉన్న ఒక మెట్ట ఊరికి. వానొస్తే వేరుశనక్కాయలు, రాగులు. రాకపోతే రెండు ఆవుల పాలు. ఇంట్లో మా అత్త, నేను. మామ ఎప్పుడో పోయాడు. మా ఆయన మిలిటరీలో సిపాయి. ఏడాదికోసారి సెలవులకొచ్చి, ట్రంకుపెట్టె నిండా బాదం పప్పులు, కంబళ్ళు తెచ్చి, నెల తిరక్కముందే వెళ్ళిపోయేవాడు.

డెబ్బైల మొదట్లో యుద్ధం వచ్చింది. యుద్ధంలో ఆయనకు ఏమీ కాలేదు. యుద్ధం అయిపోయాక, సరిహద్దులో పాతిపెట్టిన మందుపాతరలు తీసే పనిలో ఉండగా ఒకదాని మీద కాలు పడింది. తంతి వచ్చింది. తర్వాత ఆసుపత్రి నుంచి ఉత్తరాలు వచ్చాయి, అన్నీ "నేను క్షేమం" అనే. ఎనిమిది నెలలకు ఆఖరి ఉత్తరం వచ్చింది. "నడిచి వస్తాండాను. కుప్పం స్టేషనుకు రా" అని రాశాడు.

వెళ్ళాను. బండి ఆగింది. ఎనిమిది నెలల తర్వాత మొగుణ్ణి చూస్తున్న ఆడది ముందు ముఖం చూడాలి. నేను కాళ్ళు చూశాను. ఇస్త్రీ ప్యాంటు, రెండు ఎర్ర బూట్లు, చేతిలో ట్రంకుపెట్టె. కుడికాలు కొంచెం ఎగేసినట్టుగా, కానీ నడుస్తున్నాడు. నా మనసులో మెదిలిన మొదటి మాట "ఎవరికీ తెలీదులే" అన్నది. ఆయన బతికి వచ్చినందుకు సంతోషం దాని తర్వాత వచ్చింది. ఆ వరుస తలుచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది.

మా పుట్టింట్లో ఆ పూట తిన్నె మీదే చాప పరిచి, అక్కడే విస్తరేశారు. అందుకని గడప దాటే అవసరం రాలేదు. అన్నం తిన్నాక ఆయన నాకు ఆ కాలు సంగతి వివరించాడు, కొత్త సైకిలు కొన్నవాడు చెప్పినంత హుషారుగా. పాదం బూటు మడమ ఎత్తుకు సరిపోయేటట్టు చేశారట. బూటు తీసేస్తే మడమ కిందికి దిగి మనిషి వెనక్కి పడతాడట. "నిద్రపోయేటప్పుడు తప్ప బూటు తీయొద్దని డాక్టరు ఆర్డరు" అన్నాడు. పక్కింటి ముసలామె తొంగిచూసి, "తోలు కాలా!" అని ముఖం చిట్లించి వెళ్ళిపోయింది. పుంగనూరు బస్సులో కూర్చున్నంత సేపూ నాకు ఒకటే దిగులు. నట్టింట్లో దేవుడి గూడున్న ఇంట్లోకి ఈయన బూటుతో ఎట్లా వస్తాడు? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?

మా ఊళ్ళో బస్సు దిగేసరికి వాకిట్లో వీధి వీధంతా ఉంది. మా అత్త ఎర్రనీళ్ళతో దిష్టి తీసి, కళ్ళు ఒత్తుకుంటూ పక్కకు తప్పుకుంది. ఆయన గడప మీదికి కాలెత్తాడు. అప్పుడు గుంపులో ఒకామె, "బూటుతోనే నట్టింట్లోకా?" అని ముక్కు మీద వేలేసుకుంది. అంతే. ఇంకెవరూ ఏమీ అనలేదు. మా అత్త అసలే అనలేదు. కానీ నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. కుప్పం పిల్లకు పద్ధతి తెలీదంటారు. పదో తరగతి చదివి ఇంటి మర్యాద మంట కలిపిందంటారు. కుండకు మూత పెట్టగలం కానీ ఊరి నోటికి మూత పెట్టలేం కదా.

"ఇదో, ఆగండి" అన్నాను. "బూటుతో వద్దు. ఈడ కూసోని ఇప్పేసి రాండి."

"బూటు తీస్తే నిలబళ్ళేను గదా. పొద్దున చెప్తి గదా నీకు" అన్నాడాయన, మెల్లగా.

"అట్లయితే కాలే తీసేయండి."

అందరూ విన్నారు. ఆయన గడప మీద పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు. నావైపు చూసి, తర్వాత గుంపు వైపు చూసి నవ్వాడు. "ఇంటికాడ గూడా ఆర్డర్లేనా? సరే, ఆర్డరంటే ఆర్డరే" అని బండ మీద కూలబడి, ప్యాంటు మడిచి, తోలు పట్టీ తాళ్ళు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. అది విప్పడానికి చాలాసేపు పడుతుంది. వీధి వీధంతా నిలబడి చూసింది. ఎవరికీ తెలీదులే అనుకున్నదాన్ని, ఊరందరి ముందూ నేనే విప్పించాను. ఆయన కాలు తీసి చెప్పుల పక్కన నిలబెట్టి, గోడ పట్టుకుని, ఒంటికాలి మీద ఎగురుతూ తన ఇంట్లోకి వచ్చాడు.

ఒక్క రోజుకేలే అనుకున్నాను. రేపు జనం ఉండరు, రేపటి సంగతి రేపు చూద్దాం అనుకున్నాను. మరుసటి రోజు ఆయనే బండ మీద కూర్చుని విప్పుకున్నాడు. ఆ మరుసటి రోజూ అంతే. నేను వద్దనలేదు. వద్దంటే మొదటి రోజు నేను చేసింది తప్పని ఒప్పుకున్నట్టే కదా. అట్లా రోజులు నెలలయ్యాయి, నెలలు ఏళ్ళయ్యాయి.

బయట ఆయన మారాజే. ఆ కాలేసుకుని చేనుకు పోయేవాడు, పాలక్యాను సైకిలుకు తగిలించుకుని నడిపించుకుంటూ పుంగనూరు దాకా వెళ్ళొచ్చేవాడు. గడప దాటి లోపలికొస్తే మాత్రం ఆయన కంటే మా ఆవు నయం, దానికి నాలుగు కాళ్ళుండేవి. పేడతో అలికిన నేల మీద ఎగిరితే జారుతుంది. రెండుసార్లు పడ్డాడు. తర్వాత ఎగరడం మానేసి, కూర్చుని చేతులు నేలకు ఆనించి జరగడం అలవాటు చేసుకున్నాడు. మంచినీళ్ళు కావాలంటే కేకేయాలి. మా పాప పుట్టి, పాకే వయసు వచ్చినప్పుడు ఇద్దరూ నట్టింట్లో పోటీలు పెట్టుకునేవాళ్ళు. అది గెలిచి చప్పట్లు కొట్టేది, నేనూ నవ్వేదాన్ని. కొన్నాళ్ళకు పాప లేచి నిలబడి నడిచింది. ఆయన కిందే ఉన్నాడు. ఆ రోజు నేను నవ్వలేదు, కానీ నోరు తెరిచి ఏమీ అననూ లేదు.

లేచి నిలబడ్డప్పుడల్లా ఆయన చెయ్యి పడే చోట గోడకు మాసిన చార ఒకటి పడింది, తలుపు నుంచి మంచం దాకా. ఏటా ఉగాదికి ముందు సున్నం కొట్టేటప్పుడు ఆ చారకు రెండు చేతులు ఎక్కువ కొట్టాల్సి వచ్చేది. "సున్నమంతా ఈ గోడకే పోతాండాది" అని సణిగేదాన్ని. ఆయన వినీ విననట్టుండేవాడు.

ఊరికి కూడా అది అలవాటైపోయింది. ఎవరన్నా పనిమీద వస్తే ముందు బండ మీద చూసేవాళ్ళు. కాలు బయటుంటే మనిషి లోపలున్నట్టు. కాలు లేకపోతే మనిషి లేనట్టు. "అప్ప ఉండాడు, కాలుండాది" అనుకుంటూ వచ్చేవాళ్ళు. మేమూ నవ్వుకునేవాళ్ళం. నవ్వులాటయిన తప్పు ఇక తప్పులా కనబడదు.

మూడేళ్ళకోసారి పూనా నుంచి పిలుపు వచ్చేది. మిలిటరీ వాళ్ళే రైలు వారంటు పంపేవాళ్ళు. ఆయన వెళ్ళి, పట్టీలు మార్పించుకుని, మొండికి తొడుక్కునే ఉన్ని మేజోళ్ళు కొత్తవి తెచ్చుకునేవాడు. "ఏమడుగుతారు ఆడ?" అంటే, "ఇంట్లో బాగా నడస్తాండావా అని అడుగుతారు. బాగా నడస్తాండాను సాబ్ అంటాను" అనేవాడు.

ఎనభైల మొదట్లో ఒక కార్తీకంలో ముసురు పట్టింది. ఒకరోజు మధ్యాహ్నం ఆయనకు జ్వరం, లోపల పడుకున్నాడు. నేనూ మా అత్తా చేలో కోసిన కాయలు తడవకుండా కుప్పేయడానికి పరుగెత్తాం. పాప బడికి పోయింది. ఆ రోజు కురిసిన వాన మామూలు వాన కాదు. మేము తిరిగొచ్చేసరికి చూరు నీళ్ళన్నీ ధారగా వచ్చి నేరుగా ఆ కాల్లో పడుతున్నాయి. మొండి పెట్టుకునే గుంటలో నీళ్ళు నిండి అంచు మీదుగా కారుతున్నాయి. గంటలకొద్దీ అట్లా నిలబడిందేమో, నీళ్ళు వంచేసి పొయ్యి దగ్గర ఆరబెడితే చెక్క నిలువునా పగిలింది. తోలు అట్టయిపోయింది. వాకిట్లో ఉన్న పట్టీ ఒకటి కుక్క ఎత్తుకుపోయింది కూడా.

చూడండి, పొయ్యి దగ్గర ఆరబెట్టాను. వంటింట్లో, దేవుడి గూటికి నాలుగు అడుగుల దూరంలో, బూటుతో సహా. అప్పుడు ఏ ఆచారమూ అడ్డురాలేదు. పాడైపోయిన కాలు ఇంట్లోకి రావచ్చు, బాగున్న కాలే రాకూడదు.

ఊరి వడ్రంగి చంకకర్ర చేసిచ్చాడు. దాంతో చేనుకు పోలేడు, సైకిలు తోయలేడు. ఆ మనిషికి నడక అంటే ఏమిటో అప్పుడు నాకు తెలిసింది. వాకిట్లో బండ మీద కూర్చుని, దారిన పోయే బస్సులు చూసేవాడు. ఇంకొక కాలు తెచ్చుకోవాలి, వేరే మాట లేదు. కానీ మూడేళ్ళ గడువు కాకముందే కాలు పాడైతే, ఎందుకు పాడైందో మాజీ సైనికుల బోర్డుకు రాసిచ్చి, వాళ్ళు ఒప్పుకుంటేనే పూనా పంపుతారు. బోర్డు అధికారి కొన్ని నెలలకోసారి మదనపల్లెకు వచ్చి ట్రావెలర్స్ బంగళాలో అర్జీలు తీసుకునేవాడు.

అర్జీ నేనే రాశాను. ఇంట్లో రాతకోతలన్నీ నావే. "సదరు కృత్రిమ కాలు, అర్జీదారుడు పొలం పనిలో నిమగ్నుడై ఉండగా, అకాల వర్షమున తడిసి పాడైనది" అని గుండ్రటి అక్షరాలతో రాసి, చదివి వినిపించాను. "నిమగ్నుడంటే ఏమిటి?" అన్నాడాయన. "పనిలో ఉండటం" అన్నాను. "నేను మంచంలో గదా ఉంటి" అన్నాడు. "ఊరుకోండి, అవన్నీ ఆడ ఎవరడుగుతారు" అని నోరు మూయించాను.

పగిలిన కాలును నా పాత చీరలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని మదనపల్లె బస్సెక్కాను. బస్సు నిండా టమోటా గంపలు. కండక్టరు వచ్చి, "మూటలో ఏమిటమ్మా, లగేజీ ఉండాదా?" అన్నాడు. "కాలు" అన్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా ముందుకు వెళ్ళిపోయాడు. మా ఆయన కిటికీ వైపు తిరిగి నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వింది అదొక్కసారే.

బంగళా వరండాలో ముప్పైమంది దాకా ఉన్నారు. చెవి మిషను కావాల్సినవాళ్ళు, కళ్ళద్దాలవాళ్ళు, ఒక చెయ్యి లేనివాళ్ళు. అందరివీ ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాలు. లోపల అధికారి, రిటైరైన మిలిటరీ ఆయనే, మీసాలు తెల్లబడ్డాయి. పక్కన గుమాస్తా, ఆయనా మాజీ హవల్దారు. గుమాస్తా నా మూట విప్పి, కాలు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. లోపలికి చెయ్యి పెట్టి వేలితో గీరాడు.

"సార్, ఇది సూడండి" అన్నాడు. "నీళ్ళు నిలబడిన గీత లోపల ఉండాది. కట్టుకోని పనిచేస్తాంటే లోపల కాలుంటాది గదా, నీళ్ళు యాడ నిలబడతాయి? ఇది ఊరికే నిలబెట్టింది. శానాసేపు వానలో నిలబెట్టింది."

అధికారి అర్జీ చూశాడు, కాలు చూశాడు, చంకకర్ర మీద నిలబడ్డ మా ఆయన్ని చూశాడు. "ఏమయ్యా, కాలు వానలో ఉంటే నువ్వెక్కడున్నావు?" అన్నాడు.

నేను ఆయన వెనకే ఉన్నాను, రెండడుగుల దూరంలో. నోరు తెరిస్తే చాలు. పదో తరగతి చదివిన నోరు అది, చేలో గట్టు తగాదా వస్తే ఊరంతా వినబడే నోరు. ఆ రోజు దానికి మాట రాలేదు.

"తప్పు నాదే సార్" అన్నాడాయన. "ఎండకని వాకిట్లో పెట్టి మర్సిపోయినాను."

అధికారికి కోపం వచ్చింది. "తుపాకీని ఇట్లాగే వానలో మరిచిపోయేవాడివా? నీ ఒంట్లో భాగం అనుకుని ఇచ్చారయ్యా నీకు. దీని కోసం ఎంతమంది ఎదురుచూస్తున్నారో ఆ వరండాలో చూశావా? ఇంటికెళ్ళగానే మిలిటరీ క్రమశిక్షణ గాలికి వదిలేశావా?" అని అందరికీ వినబడేట్టు అరిచాడు. మా ఆయన చంకకర్ర గోడకు ఆనించి, ఒంటికాలి మీద నిటారుగా నిలబడి, చేతులు రెండూ పక్కలకు పెట్టుకుని విన్నాడు. ఆయన పిక్క వణకడం నాకు వెనక నుంచి కనబడుతోంది. "ఎస్ సార్" అన్నాడు. అర్జీ మీద ఎర్రసిరాతో ఏదో రాశారు. అజాగ్రత్త వల్ల పాడైంది కాబట్టి గడువు అయ్యేదాకా ఆగమన్నారు. అంటే ఇంకా ఏడాదిన్నర.

బస్టాండులో ఆయన నాకు కాఫీ ఇప్పించాడు. తను తాగలేదు. నేను గ్లాసు పట్టుకుని ఏడ్చాను. "యాల అట్ల చెప్పినారు?" అన్నాను.

"ఇంకేం చెప్పాల?" అన్నాడు. "నా ఇంట్లోకి నన్ను రానీరని చెప్పాల్నా?"

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నేనూ నాలుగు మాటలు తిరగ్గొట్టి తేలికపడేదాన్ని.

వారం రోజులు నిద్రాహారాలు లేవు. ఆ తర్వాత ఒక పొద్దున, పాలు పుంగనూరుకు నేనే తీసుకుపోతూ, పోస్టాఫీసులో ఇన్‌లాండు కవరు కొని, అక్కడే మెట్ల మీద కూర్చుని బోర్డు అధికారికి ఉత్తరం రాశాను. ఆయన తప్పేమీ లేదని, కాలు రోజూ ఇంటి బయటే ఉంటుందని, బూటు ఇంట్లోకి రాకూడదు కాబట్టి తొమ్మిదేళ్ళుగా ఆయన ఇంట్లో నేల మీద జరుగుతున్నాడని అంతా రాశాను. ఉన్నదున్నట్టు రాయాలనే కూర్చున్నాను. "బూటు వద్దన్నది నేను" అని ఒక వాక్యం రాశాను కూడా. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. అంత పెద్ద అధికారి నన్ను ఎట్లాంటిదనుకుంటాడు? కొట్టేశాను. కొట్టేసినచోట పైన, "మా అత్తగారు పాతకాలం మనిషి, వారి ఆచారం కారణంగా" అని రాశాను. నాలుకతో జిగురు తడిపి, అంటించి, డబ్బాలో వేశాను. నిజం చెప్పినందుకు తేలిగ్గా అనిపించింది. అబద్ధం చెప్పినందుకు ఏమీ అనిపించలేదు, అప్పటికి.

నెల తిరిగాక జవాబు వచ్చింది. నేను చేలో ఉన్నాను. పైన ఇంగ్లీషులో టైపు కొట్టిన కాగితం, కింద తెలుగులో చేతిరాత. పోస్టుమాను తిన్నె మీద కూర్చుని ఇద్దరికీ గట్టిగా చదివి వినిపించి పోయాడట. మా అత్తకు, ఆయనకు. నేను వచ్చేసరికి కాగితం ఆయన చేతిలో ఉంది. నాకిచ్చాడు.

పైన, పూనాకు వెళ్ళి కొత్త కాలు వేయించుకోవడానికి అనుమతి. కింద అధికారి రాసింది ఇది: "నీ భార్య ఉత్తరం చదివాను. ఆ రోజు నిన్ను అందరిలో కోప్పడినందుకు బాధపడుతున్నాను. మీ అమ్మగారి ఆచారాన్ని నేను తప్పుపట్టను, మా అమ్మ కూడా అంతే. ఆమెకు చెప్పు, ఇప్పుడు బూటు లేకుండా నడిచే రబ్బరు పాదం వచ్చింది. మనలాగా ఒట్టి కాళ్ళతో ఇంట్లో తిరిగేవాళ్ళ కోసమే చేశారు. కొన్నేళ్ళుగా ఉంది. ఇంట్లో ఎట్లా నడుస్తున్నావని వెళ్ళినప్పుడల్లా అడుగుతారు కదా, ఒక్క మాట చెప్పి ఉంటే ఎప్పుడో ఇచ్చేవాళ్ళు కదయ్యా."

కొన్నేళ్ళుగా ఉంది. ఆ మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. మూడేళ్ళకోసారి పూనాలో డాక్టరు అడిగాడు. ఇంటి గుట్టు బయటపెట్టకూడదని ఈయన బాగా నడుస్తున్నానన్నాడు. ఆ గుట్టు నాది.

మా అత్త గడపకు అవతల కూర్చుని చేటలో రాగులు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు. "బూటు వద్దన్నది నేనా అమ్మీ?" అంది.

నేను కాగితం మడత పెట్టాను.

"ఆ పొద్దు కాలు తీసేయమన్నది నువ్వు. వాడు వచ్చిందే పదివేలనుకుంటి నేను, బూటుతో వస్తే ఏమి, బురదతో వస్తే ఏమి. నీకు ఆ కాలంటే ఏవగింపేమో అనుకుంటి. నడమన నేను మాట్లాడితే కాపరం చెడతాదని నోరు మూసుకుంటి. ఇప్పుడు నా పేరు పెట్టి కాయితం రాస్తివే తల్లీ." అంతే అంది. చేటలో రాళ్ళు ఏరి వాకిట్లోకి విసిరి, లేచి లోపలికి వెళ్ళింది. ఆయన నావైపు చూడలేదు. ఆయనకు అంతా తెలుసు, ఆ రోజు గడప దగ్గర ఉన్నది ఆయనే కదా. పోస్టుమాను చదువుతున్నప్పుడు ఆయన కాదనలేదట. తల్లి ముందు పెళ్ళాం పరువు కాపాడటమా, పెళ్ళాం రాత ముందు తల్లి పరువు కాపాడటమా తేల్చుకోలేక ఊరుకున్నాడు. ఆయన్ని ఆ ఇరకాటంలో పెట్టింది కూడా నేనే.

ఆయన పూనాకు పోయి రెండు నెలలుండి వచ్చాడు. తిరిగొచ్చే రోజు కుప్పం స్టేషనుకు వెళ్ళాను. ఈసారి కాళ్ళు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ముఖమే చూశాను. ఆయనే, "ముఖం కాదు మే, కాళ్ళు సూడు" అన్నాడు. ప్లాట్‌ఫారం మీద ఒట్టి కాళ్ళతో ఉన్నాడు. ఒకటి సొంతం, ఒకటి గోధుమరంగు రబ్బరు, దానికి వేళ్ళు కూడా చేశారు. చెప్పులు సంచిలో పెట్టుకున్నాడు. నాకు చూపించడానికే కంకర మీద అటూ ఇటూ నడిచాడు. నేను నవ్వాను, ఏడ్చాను, రెండూ సరిగ్గా కుదరలేదు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. నేను ముందు పరుగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చాను, కాళ్ళు కడుక్కోవడానికి. తొమ్మిదేళ్ళ ముందు అనాల్సిన మాట ఈరోజన్నా నా నోటితో అనాలని దారంతా అనుకుంటూ వచ్చాను. పెద్ద మాటేమీ కాదు. "లోపలికి రాండి" అని, అంతే.

బయటికొచ్చి చూస్తే ఆయన బండ మీద కూర్చుని ఉన్నాడు. ప్యాంటు మడిచి, తోలు పట్టీ తాళ్ళు విప్పుతున్నాడు. కావాలని కాదు. గడప కనబడగానే చేతులు వాటంతటవే ఆ పనికి పోయాయి. రెండు తాళ్ళు విప్పేశాడు కూడా.

ఆ మాట అనే హక్కు నాకు ఎక్కడిది అనిపించింది. చెంబు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

లోపల నుంచి మా అత్త కేక వినబడింది. "యాల ఆడ కూసుంటివి నాయనా? ఇది నీ ఇల్లు గాదా? లేసి రా."

ఆయన తల పైకెత్తి చూసి, చేతిలో తాళ్ళు చూసుకుని, సిగ్గుపడ్డట్టు నవ్వాడు. మళ్ళీ బిగించి కట్టుకున్నాడు. లేచి, నా చేతిలోంచి చెంబు తీసుకుని రెండు పాదాలూ కడుక్కున్నాడు, రబ్బరుది కూడా, వేళ్ళ సందుల్లో సహా. చెంబు నాకిచ్చి గడప దాటాడు. చెయ్యి ఒకసారి గోడ మీదికి పోయి వెనక్కొచ్చింది.

నట్టింట్లో ఆయన అడుగులు వినబడ్డాయి. ఒకటి మెత్తగా, ఒకటి కొంచెం బరువుగా. వంటింట్లోకి వెళ్ళి, ఎవరినీ కేకేయకుండా కుండలో నీళ్ళు ముంచుకున్న చప్పుడు కూడా వినబడింది. మా అత్త, మా పాప ఇద్దరూ ఆయన దగ్గరే ఉన్నారు. నన్ను ఎవరూ ఆపలేదు. ఖాళీ చెంబుతో, చెప్పుల బండ పక్కన, చాలాసేపు నేనే బయట నిలబడ్డాను.